ఆరు గంటల వాళ్లు, తొమ్మిదిన్నర వాళ్లు

మా గుడికి వచ్చేవాళ్లకు ఇప్పుడు రెండు పేర్లు వచ్చాయి. ఆరు గంటల వాళ్లు, తొమ్మిదిన్నర వాళ్లు. కృష్ణా డెల్టాలో ఓ పట్నం, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ఒకటే గుడి, ఒకటే గంట, ఒకరే అయ్యగారు. ఆదివారం పొద్దున మాత్రం రెండు ఆరాధనలు. ఇది తాతల నాటి ఆచారమేమీ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి గుడి మూతపడింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చన్నాక, మనిషికీ మనిషికీ ఎడం ఉండాలి కాబట్టి సంఘాన్ని రెండుగా విడదీసి రెండు వేళలు పెట్టాం. జబ్బు తగ్గింది. విడదీసిన సంఘం అలాగే ఉండిపోయింది.

మొన్న పాస్టరేట్ కమిటీలో ఈ రెండింటినీ మళ్లీ కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. ఎనిమిదిన్నరకి అందరికీ ఒకే ఆరాధన, అయ్యాక అందరికీ టిఫిన్. తెచ్చింది మా హైస్కూల్ సోషల్ మాస్టారు, రిటైరై పదేళ్లు. వద్దన్నది ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయే, ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆసుపత్రిలోనూ గుడిలోనూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. కమిటీ మినిట్స్ రాసేది నేను. పుస్తకంలో ‘చర్చ జరిగినది, వాయిదా వేయడమైనది’ అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టించాను. మీటింగయ్యాక వాళ్లిద్దరూ గుడి మెట్ల మీద కూర్చుని ఇంకో గంట మాట్లాడుకున్నారు. నేను లేచి వెళ్లలేకపోయాను. మినిట్స్‌లో పట్టనిది ఆ గంట.

మాస్టారు: అమ్మాయ్, లోపల అందరి ముందూ నోరు రాలేదు. నీకు చెప్పాలి. లెంట్‌లో రైల్వే గేటు అవతల ఒక పెద్దాయన పోయారు గుర్తుందా? అయ్యగారు వచ్చేలోగా ప్రార్థన చేయమని నన్ను పంపారు. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు ఏడుస్తూ కూర్చున్నారు. వాళ్లలో ఆయన భార్య ఎవరో నాకు తెలియలేదు. బైబిల్ చంకన పెట్టుకుని అలా నిలబడిపోయాను. వాళ్లలో ఒకావిడ తలెత్తి, ‘అయ్యా, తమరు ఏ గుడి నుంచి వచ్చారు?’ అంది. ఆమే భార్య. తర్వాత మాటల్లో తెలిసింది, మన గుళ్లో ఎడం వైపు మూడో బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటుందట. నేనూ అక్కడే కూర్చుంటానమ్మా. అదే బెంచీ, అదే కిటికీ. మూడున్నర గంటల తేడా.

సిస్టర్: నాకు తెలుసు మాస్టారూ. ఆ అమ్మ నా పక్కనే కూర్చుంటుంది. ఆయన మా వార్డులో పన్నెండు రోజులున్నారు. ఆ పన్నెండు రోజులూ ఆరు గంటల వాళ్లం వంతులు వేసుకుని క్యారేజీ పట్టుకెళ్లాం. ఒకరోజు చికెన్ షాపులో కోసే అబ్బాయి ఇంటి నుంచి వచ్చింది, ఒకరోజు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య పంపింది. మన సంఘంలో సహవాసం చచ్చిపోయిందని మీరు లోపల అన్నప్పుడు నాకు కష్టమనిపించింది. సహవాసం ఉంది. మీ వరకూ రాలేదు.

మాస్టారు: నా వరకూ రాలేదన్నావే, నా బాధ కూడా అదేనమ్మా. సగం సంఘం పన్నెండు రోజులు అన్నం మోస్తుంటే మిగతా సగానికి కబురే లేదు. అది ఒక సంఘం అవుతుందా? నా దగ్గర పింఛను డబ్బులున్నాయి, ఖాళీ ఉంది, స్కూటరుంది. ఎవరూ నన్ను అడగలేదు. నేనెవరో తెలిస్తే కదా అడగడానికి!

సిస్టర్: తెలియకపోవడం తప్పే. కానీ దానికి మందుగా ఎనిమిదిన్నర అంటున్నారే, అక్కడే నాకు పడదు. నా డ్యూటీ మీకు తెలుసు కదా. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది. ఆదివారమని ఆసుపత్రికి సెలవుండదు. 2020కి ముందు మన గుడికి తొమ్మిదింటికి ఒకటే ఆరాధన. అప్పుడు నేను ఎలా వచ్చేదాన్నో మీరు ఎప్పుడైనా చూశారా? వచ్చేదాన్ని కాదు. మగవాళ్ల వార్డు కిటికీలోంచి మన గంట వినిపిస్తుంది. ఒక చేత్తో సెలైన్ బాటిల్ మారుస్తూ ఆ గంట వినేదాన్ని. మూడేళ్లలో నేను ప్రభుభోజన సంస్కారం తీసుకున్నది క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనలోనే. ఆ కరోనా ఎంతమందిని పొట్టన పెట్టుకుందో దగ్గరుండి చూసినదాన్ని, దాన్ని మెచ్చుకోను. కానీ మీరు ఎడం కోసం పెట్టిన ఆరు గంటల ఆరాధన మాలాంటివాళ్లకు తలుపు తీసింది. ఇప్పుడు సహవాసం పేరు చెప్పి ఆ తలుపు మూస్తానంటే ఎలాగండీ?

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఆరు గంటల ఆరాధనలో ఎవరుంటారో మా సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్లు, ఆదివారమే బేరం ఉండే మాంసం కొట్లలో కుర్రాళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, నర్సులు. తొమ్మిదిన్నరకి టీచర్లు, బ్యాంకు వాళ్లు, రిటైరైన పెద్దలు, నేను. ఇలా ఉండాలని ఏ కమిటీ తీర్మానం చేయలేదు. డ్యూటీలే మమ్మల్ని రెండు రాసులుగా పోశాయి. నేను మాస్టారి పక్షాన చెయ్యెత్తడానికి వెళ్లినవాణ్ని. వార్డు కిటికీ మాట విన్నాక ఇక ఆ చెయ్యి లేవదనిపించింది.

మాస్టారు: నువ్వన్నది కాదనను. అయినా మనం ఏ సంఘం వాళ్లమో ఆలోచించు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్లు, అంతకుముందు ఒకరి చేతి సంస్కారం ఒకరు తీసుకోవడానికి సందేహించిన వాళ్లు, ఒక్క సంఘమయ్యారు. బిషప్పులుండాలా వద్దా అన్న దగ్గర మొదలుపెట్టి దాదాపు ముప్పై ఏళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్లు అంత పెద్ద గోడ దాటితే, మనం రెండు గడియారాలు కలపలేమా?

సిస్టర్: ఒకటి అడుగుతాను, మీరే చరిత్ర చెప్పిన మాస్టారు కాబట్టి. ఒక్కటయ్యాక అందరూ ఒకే తీరున ఆరాధించి తీరాలన్నారా?

మాస్టారు: (కాసేపు ఆగి) లేదు. ఏ సంఘం మీదా తనకు అలవాటు లేని ఆరాధన క్రమాన్ని రుద్దకూడదని ముందే మాటిచ్చుకున్నారు. అందుకే నిలిచింది.

సిస్టర్: మరి?

మాస్టారు: మరి అంటే, అదే సంఘం 1950లో ఒక ప్రభుభోజన క్రమం తయారు చేసుకుంది. అందులో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవడం ఉంది కదా, బల్ల దగ్గర మొదలై చేతిలోంచి చేతిలోకి, బెంచీ వెంట బెంచీ, చివరివాళ్ల దాకా వెళ్తుంది. ఆదిసంఘంలో ఉండి, తర్వాత చాలా చోట్ల అడుగంటిపోయిన ఆ పద్ధతిని మనవాళ్లు మళ్లీ మామూలు జనం చేతుల్లో పెట్టారు. తర్వాత ఇతర దేశాల సంఘాలు మనల్ని చూసి నేర్చుకున్నాయి. ఆ చెయ్యి చివరి బెంచీ దాకా వెళ్లాలంటే చివరి బెంచీ వాళ్లు అక్కడ ఉండాలమ్మా. ఇప్పుడు నా చేతిలోని సమాధానం రైల్వే గేటు అవతలికి వెళ్లట్లేదు.

సిస్టర్: ఆ మాట నాకూ తగిలింది మాస్టారూ. సరే, ఆదిసంఘం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. వాళ్లకి ఆదివారం సెలవు ఉండేదా?

మాస్టారు గడ్డం రుద్దుకున్నారు. తన వాదానికి ఎదురొచ్చే సంగతి తన నోటితోనే చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన తరగతిలోనూ అలాగే చేసేవారట. దాచకుండా చెప్పారు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మాస్టారు: ఉండేది కాదు. ఆదివారాన్ని విశ్రాంతి దినం చేసింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, 321లో. అంతకుముందు అది పని రోజే. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ అధికారి బితూనియ నుంచి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఉంది. క్రైస్తవులనే వాళ్లను పట్టుకుని విచారించాను, వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తుకు పాట పాడతారట, తర్వాత విడిపోయి, మళ్లీ భోజనానికి కూడుకుంటారట అని రాశాడు. ఆయన విచారించినవాళ్లలో ఇద్దరు దాసీలు కూడా ఉన్నారు. దాసీలకు పొద్దు పొడిచాక యజమాని పని ఉంటుంది కదా.

సిస్టర్: అంటే వాళ్లు ఆరు గంటల వాళ్లు.

మాస్టారు: (నవ్వి) ఆరు కంటే ముందే. కానీ ఇంకో సగం కూడా విను. తెల్లవారకముందు పాటతో వాళ్లు సరిపెట్టుకోలేదు. విడిపోయి మళ్లీ వచ్చి కలిసి తిన్నారు. నువ్వు మొదటి సగం పట్టుకున్నావు, నేను రెండో సగం అడుగుతున్నాను.

సిస్టర్: ఆ రెండో సగంలోనే కొరింథులో గొడవ వచ్చింది. మొదటి కొరింథీయులు పదకొండో అధ్యాయం నాకు బాగా తెలుసండీ, ఎందుకంటే అది నా కథే. ఖాళీ ఉన్నవాళ్లు ముందొచ్చి తినేశారు. పని నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఖాళీ గిన్నెలు. ఒకడు ఆకలితో, ఒకడు మత్తుతో. వేళ ఎవరు పెట్టారు అక్కడ? తీరిక ఉన్నవాళ్లు పెట్టారు. ఎనిమిదిన్నర కూడా అలాంటిదే. ఆరాధనయ్యాక మీరు టిఫిన్ వడ్డిస్తున్నప్పుడు నేను బీపీ చూస్తుంటాను, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు అంట్లు తోముతుంటారు.

మాస్టారు: ఆ ఉత్తరం రాసిన పౌలు ఏం చెప్పాడు దానికి? మీరు రెండు భోజనాలు పెట్టుకోండి, ముందొచ్చేవాళ్లకొకటి, ఆలస్యంగా వచ్చేవాళ్లకొకటి అన్నాడా? ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండన్నాడు. బల్ల ఒక్కటే. కాచుకోవడం నేర్చుకోమన్నాడు.

ఇద్దరూ ఆగిపోయారు. ఆ అధ్యాయం ఇద్దరి చేతుల్లోనూ ఉంది, ఇద్దరూ సరిగ్గానే చదివారు. వేళ గురించిన తగాదాలన్నీ ఇక్కడికే వస్తాయని నాకనిపిస్తుంది. ఒక్క బల్ల కావాలి, నిజమే. కానీ ఆ బల్ల దగ్గర కాచుకోవాల్సింది ఎవరు? ఇప్పటిదాకా మా సంఘంలో కాచుకున్నది ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్లే.

సిస్టర్: సరే, కాచుకుందాం. ఎవరు కాచుకోవాలి? అందరం ఆరింటికే కూడదామా? ఒకటే ఆరాధన, ఆరు గంటలకి. మీరు వస్తారా?

మాస్టారు: నేనొస్తాను. మా ఆవిడ రాలేదు, మోకాళ్లు పొద్దున ఎనిమిది దాటితే గానీ వంగవు. పల్లెల నుంచి మొదటి బస్సు ఏడింటికి గానీ దిగదు. చంటిపిల్లల తల్లులున్నారు. నా మాట నేనే కొట్టేసుకుంటున్నానా?

సిస్టర్: లేదండీ. అందరికీ సరిపోయే ఒక వేళ లేదన్నది మీకే తేలుతోంది. మా మధ్యాహ్నం డ్యూటీ వాళ్లకు సాయంత్రం కుదరదు. రాత్రి డ్యూటీ వాళ్లకు ఆరు కుదరదు. క్రిస్మస్‌కి మా వార్డులో ఇంకో సిస్టర్ నా డ్యూటీ చేస్తుంది, సంక్రాంతికి ఆమెది నేను చేస్తాను. ఆమె హిందువు, పదకొండేళ్లుగా అలా నడుస్తోంది. కానీ ఏడాదికి యాభై రెండు ఆదివారాలు ఆమెను అడగలేను కదా. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకైతే ఆ ఒక్కటీ లేదు. ఆదివారం ఆ ఇళ్లకు చుట్టాలొస్తారు, అంట్లు రెట్టింపు.

మాస్టారు: డోర్నకల్‌లో అజరయ్య గారు ఏం చేశారో తెలుసా? 1912లో బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. తిరునెల్వేలి వైపు తమిళుడు, మన తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగారు. ఆ పల్లెల్లో సంఘస్థులు ఎక్కువమంది మాల, మాదిగ పేటల్లో కూలి జనం. పగలు ఆరాధన పెడితే ఎవరొస్తారు? పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, రాత్రి పూట గంట కొట్టేవారు. చదువు రానివాళ్లు కీర్తనలు నోటికి నేర్చుకునేవారు. వేళ జనం దగ్గరికి వెళ్లింది.

సిస్టర్: చూశారా, మీరే నా పక్షం మాట్లాడుతున్నారు!

మాస్టారు: ఉండమ్మా. అదే మనిషి 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మాకెంతో చేశారు, ఇప్పుడు స్నేహం కావాలని అడిగాడు. సేవ చాలదు, స్నేహం కావాలి. ఒకే గుడికి వెళ్లేవాళ్ల మధ్య కూడా అది దానంతటదే రాదని ఆయనకు తెలుసు. ఆయన మనుషులను కలిపిన తీరు చూడు. ఆడవాళ్లు వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడికని పక్కకు తీసేవాళ్లు. కోత పండుగకి ఎవరి పంట వాళ్లు మోసుకొచ్చేవాళ్లు. ఆ రోజు ఎవరూ తొందరపడి ఇంటికి వెళ్లేవాళ్లు కాదు.

కోత పండుగ మాట రాగానే ఇద్దరి ముఖాలూ మారాయి. మా గుళ్లో ఇప్పటికీ అందరూ కలిసేది ఆ ఒక్క రోజు. ఆవరణలో గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, కొత్త బియ్యం బస్తాలు. వేలంపాట మొదలవుతుంది. పోయినసారి ఒక కొబ్బరికాయ మీద చికెన్ షాపు కుర్రాడికీ, రిటైర్డ్ తహసీల్దారు గారికీ పోటీ పడింది. పది, ఇరవై, యాభై అంటూ పోయి చివరికి కుర్రాడు పాడుకున్నాడు. పాడుకున్న కొబ్బరికాయను తీసుకెళ్లి తహసీల్దారు గారి చేతుల్లోనే పెట్టాడు. ఆ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూశాను. ఆ ఇద్దరికీ అంతకు ముందు ముఖపరిచయం లేదు. గుళ్లో గంటన్నర పక్కపక్కన కూర్చున్నా రాని పరిచయం ఆ ఆవరణలో పది నిమిషాల్లో వచ్చింది.

సిస్టర్: మాస్టారూ, ఆ కొబ్బరికాయ దగ్గర నాకో సంగతి తట్టింది. అక్కడ కలిపింది ఆరాధన కాదు. ఆరాధన అయ్యాక మిగిలిన సమయం. మనకి లేనిది అది. ఏడుంబావుకి మా ఆరాధన అయిపోతుంది. ఎవరి పనికి వాళ్లం పరిగెడతాం. మీరు తొమ్మిదిన్నరకి వస్తారు. మధ్యలో రెండు గంటలు గుడి ఖాళీగా తాళమేసి ఉంటుంది. రెండింటినీ కలిపేయకండి. దగ్గరికి జరపండి. మా ఆరాధన పావుగంట ముందు మొదలుపెట్టండి, ఏడింటికి ముగుస్తుంది. మీది ఎనిమిదికి తెండి. మధ్య ఉన్న గంట అందరిదీ. నేను ఏడున్నర దాకా ఉండగలను, ఆసుపత్రి వీధి చివరే.

మాస్టారు: ఎనిమిదికంటే ముందే రావాలంటే మా వాళ్లు వస్తారా?

సిస్టర్: అందరూ రారు. కొంతమంది వస్తారు. సండే స్కూల్ ఆ గంటలోనే పెట్టండి. ఇప్పుడు పిల్లలు కూడా రెండు ముక్కలే, క్రిస్మస్ నాటకానికి రెండు గుంపులు. పిల్లలొస్తే తల్లులొస్తారు, తల్లులొస్తే మాటలొస్తాయి. పల్లె వాళ్లు ఏడింటి బస్సు దిగి ఇప్పుడెలాగూ బడ్డీ దగ్గర నిలబడుతున్నారు, వాళ్లూ మనతో కూర్చుంటారు.

మాస్టారు: గృహకూడికలు?

సిస్టర్: అవి కూడా మార్చాలి. ఇప్పుడు ఏ ఆరాధన వాళ్లు ఆ ఆరాధన వాళ్లతోనే కూడుతున్నారు. వీధుల వారీగా వేయండి. మీ వీధి వెనక సందులో మా వాళ్ల ఇళ్లు ఏడున్నాయి. మీరు ఒక్క గడపా ఎక్కలేదు, వాళ్లూ మీ మేడ మెట్లు ఎక్కలేదు.

మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన ఓడిపోయారని నేననుకోను. తర్వాత అడిగినది చూస్తే పూర్తిగా ఒప్పుకోలేదని కూడా తెలుస్తుంది.

మాస్టారు: ఒక్కటి వదలను. నెలకో ఆదివారం, సంస్కారం ఇచ్చే మొదటి ఆదివారం, అందరికీ ఒకే బల్ల. సాయంత్రం పెట్టు, ఏడు దాటాక పెట్టు, నాకభ్యంతరం లేదు. ఎవరింటి కూర వాళ్లు తెచ్చుకుని ఒక చోట పోసుకు తిందాం. నీ డ్యూటీ పడిన నెల ఎనిమిది దాకా కాచుకుంటాం. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగదీస్తే త్రోయలో ఐతుకు అనే కుర్రాడు కిటికీలోంచి పడ్డాడు గాని, మన అయ్యగారి ప్రసంగం అంత ఉండదులే. కాచుకుంటాం.

సిస్టర్: ఇళ్లల్లో పనిచేసేవాళ్లు రాత్రి ఎనిమిదింటికి వస్తారంటారా? పొద్దున నాలుగింటికి లేచినవాళ్లు మాస్టారూ.

మాస్టారు: తెలియదమ్మా. వాళ్లనే అడుగుదాం. మన కమిటీలో ఆరు గంటల వాళ్లు ఎంతమంది ఉన్నారు, నువ్వు కాక?

ఇద్దరూ నా వైపు చూశారు, పేర్ల పట్టిక నా దగ్గరే ఉంటుంది కాబట్టి. చూడక్కర్లేదు. ఎవరూ లేరు. కమిటీ కూడేది ఆదివారం తొమ్మిదిన్నర ఆరాధన అయ్యాక. సిస్టర్ కూడా ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. వేళల గురించి తేల్చే కమిటీకే వేళ కుదరని సంఘం మాది. ఆ సంగతి పదేళ్లుగా మినిట్స్ రాస్తున్న నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. వచ్చే మీటింగు ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్య పెట్టాలని ఆ మెట్ల మీదే రాసుకున్నాను. అంతవరకూ నెల రోజులు సిస్టర్ చెప్పిన వేళలు చూద్దామని, ఆమోదానికి అయ్యగారి ఇంటికి వెళ్లాం. ఆయన సరేనన్నారు, గుడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి వాళ్లకు టీ, బిస్కెట్ల సంగతి చెప్పమన్నారు.

సిస్టర్: అయ్యగారూ, స్త్రీల మైత్రికి వద్దండి. ఏడింటికి టీ కావాలంటే ఐదున్నరకి పొయ్యి వెలిగించాలి. ఆ టైముకి పొయ్యి ముందు ఉన్నవాళ్లు ఆరాధనకి ఎలా కూర్చుంటారు? మళ్లీ మా ఆడవాళ్లే లోపలికి రాకుండా అయిపోతారు. ఎనిమిదింటి ఆరాధనకి వచ్చే మగవాళ్లు పెట్టాలి.

అయ్యగారు మాస్టారి వైపు చూశారు.

మాస్టారు: నేను పెడతాను. ఎంతమంది ఉంటారమ్మా మీరు?

సిస్టర్: వంద దాకా. పిల్లలు కాక.

మాస్టారు: వందమందికి ఎన్ని లీటర్ల పాలు పడతాయి?